మిరియం పడుకునే శాలువా

పండు బడికి తయారవుతుంటే, దాని మంచం సర్దడానికి పిన్ని గదిలోకి వచ్చింది. శాలువా దులపబోయి ఆగింది. ఊదారంగు నూలు మీద బియ్యపు గింజల్లాంటివి అతుక్కుని ఉన్నాయి. గోటితో ఒకదాన్ని కదిపింది. అది మెల్లగా ముడుచుకుంది.

ఆమె చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. పక్కనే మిరియం, ఎముకలు తేలిన నల్లపిల్లి, తోక కింద అదే పనిగా నాక్కుంటోంది.

"ఎప్పట్నుంచి ఇలా ఉంది పండూ?"

పండు జడ అల్లుకోవడం ఆపలేదు. "నాకు తెలీదు."

తెలుసని దాని మొహమే చెబుతోంది. మిరియం పండు కన్నతల్లి పెంచిన పిల్లి. శాలువా కూడా ఆ తల్లిదే. ఆవిడ పోయాక శాలువాను ఎవర్నీ ఉతకనివ్వలేదు పండు. రెండో పెళ్ళాంగా ఈ ఇంట అడుగుపెట్టినప్పుడే పిన్నికి ఆ సంగతి చెప్పారు. ఇన్నాళ్ళూ ఆమె ఉతికే మాట ఎత్తలేదు.

పిల్లులంటే ఆమెకు చిన్నప్పట్నుంచీ బెరుకు. అయినా ఆ రోజు కుట్టుపని ఆపి మిషను మీద గుడ్డ కప్పేసి, మిరియాన్ని బుట్టలో పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళింది. చేతులు రెండూ గీరుకుపోయాయి.

"కడుపులో బద్దెపురుగులమ్మా. మాత్రతో పోతాయి," అన్నాడాయన. "కానీ దీని బొచ్చులో గెంతే పురుగులున్నాయి చూడండి, ఒళ్ళు నాక్కుంటూ వాటిని మింగితే బద్దెపురుగులు మళ్ళీ పట్టుకుంటాయి. ఒంటికి మందు వేస్తాను. పక్కబట్టల్లో వాటి గుడ్లుంటాయి, వేడినీళ్ళలో ఉతకాల్సిందే. లేకపోతే కథ మళ్ళీ మొదటికొస్తుంది."

సాయంత్రం ఆ మాట ఇంట్లో చెప్పేసరికి పండు శాలువాను గుండెలకు హత్తుకుని గోడకు చేరబడింది.

"అంత గొడవెందుకు, పారేస్తే పోలా? కొత్తది కొనిస్తాను," అన్నాడు తండ్రి.

"ముందునుంచీ నీకు కావాల్సింది ఇదేగా," అంది పండు, తండ్రితో కాదు, పిన్నితో. "అమ్మ వస్తువు ఒక్కటి కూడా ఈ ఇంట్లో ఉండకూడదు నీకు."

"పిన్నితో అలాగేనా మాట్లాడేది?" కసిరాడు తండ్రి.

"మీరాగండి. పారేసే మాట ఎత్తకండి," అంది పిన్ని. పండు ఎదురుగా నేలమీద కూర్చుంది. "నువ్వు సరే అనేదాకా దాన్ని ముట్టుకోను పండూ. కానీ ఇక్కణ్ణించి లేవను. మిరియం అలా చిక్కి సగమైపోతుంటే చూస్తూ ఊరుకోవడం నావల్ల కాదు. ఈ ఒక్క విషయంలో నేను తగ్గను."

"ఉతికితే అమ్మ వాసన పోతుంది."

ఇన్నాళ్ళూ మొండితనం అనుకున్నది ఇదా అనిపించింది పిన్నికి. పోదని చెబుదామనుకుంది గాని నోరు రాలేదు.

"పోతుందేమో తల్లీ," అంది.

మిరియం వచ్చి ఒళ్ళో చేరితే పండు దాని వీపు నిమిరింది. వెన్నుపూసలు చేతికి ఒక్కొక్కటే తగిలాయి.

"నేనే ఉతుకుతాను," అంది చివరికి. "నువ్వు నీళ్ళు కాచిపెట్టు."

"మీ అమ్మ ఏ సబ్బు వాడేది?"

పండు తలెత్తి చూసింది. అమ్మ పోయాక ఆవిడ గురించి ఈ ఇంట్లో ఎవరూ ఏదీ అడగలేదు.

"పచ్చబిళ్ళ. నిమ్మకాయ వాసన వస్తుంది."

తండ్రి చెప్పులేసుకుని కొట్టుకి బయల్దేరాడు.

మర్నాడు తీగమీద ఆరిన శాలువాలో పండు మొహం దాచుకుంది. భుజాలు అదురుతున్నాయి. పిన్ని దగ్గరికి వెళ్ళబోయి, రెండడుగుల దూరంలో నిలబడిపోయింది.

"పోయిందా?"

"ఆ వాసన పోయింది." పండు ముక్కు తుడుచుకుంది. "ఇది ఉతికిన రోజు వాసన. తీగమీంచి తీస్తూనే అమ్మ నన్ను ఇందులో చుట్టేసి లోపలికి తెచ్చేది. నాకది ఇన్నాళ్ళూ గుర్తే లేదు పిన్నీ. ఎలా మర్చిపోయాను?"

పిన్ని తీగమీంచి శాలువా లాగి, పండును అందులో చుట్టి, గట్టిగా దగ్గరికి తీసుకుంది.