అవతలికి మడిచిన విస్తరి

పంక్తి లేచిపోయిన వసారాలో ఒక విస్తరి అవతలికి మడిచి ఉండడం చూసి రామాంజినమ్మ చేతిలోని గరిటె జారవిడిచింది.

హత్య జరిగినా పెనుకొండలో అంత కలవరం పుట్టేది కాదు. తిన్న మనిషి విస్తరిని తనవైపు మడిస్తే కడుపు నిండిందని, మళ్ళీ వస్తానని అర్థం. అవతలికి మడిస్తే ఈ గడప ఇంక తొక్కనని. చావింటి భోజనంలో మడిచినట్టు, ఆమె వండిన చింతాకు పప్పు తిని ఎవరో మడిచి పోయారు.

అది 1938. ఆమె తండ్రి ఆదెప్ప ధర్మవరంలో పట్టుచీరలు నేసినవాడు. చూపు మందగించాక మగ్గం వదిలి, పెనుకొండ స్టేషను దారిలో పూటకూళ్ళ ఇల్లు తెరిచాడు. కొండెక్కి దిగినవాళ్ళకు ఊళ్ళో వేరే హోటళ్ళు లేకపోలేదు. కోట వాకిలి దగ్గర ఇడ్లీలు దొరికేవి. కోటగోడలో రాయి ఊడితే ఆ ఇడ్లీ పెట్టి పూడ్చవచ్చు. బస్సులు ఆగేచోట ఇంకొకటి. అక్కడ సాంబారులో ముక్క కనిపిస్తే పొరపాటున పడిందని సర్వరు తీసేసేవాడు. అందుకే ఆకలీ బుద్ధీ రెండూ ఉన్నవాళ్ళు ఆదెప్ప ఇంటికే వచ్చేవారు. తల్లి పోయినప్పటి నుంచి ఆ వంటిల్లు రామాంజినమ్మది.

ఆమె గరిటె మళ్ళీ అందుకుని పెరట్లోకి దూకింది. అందరూ వెళ్ళిపోయారు. చేతులు కడుక్కుంటూ ఒక్కడే మిగిలాడు. పేరు జయరాముడు. ధర్మవరం చీరలు మూటగట్టి హిందూపురం అంగళ్ళకు వేసే యువకుడు.

"ఏమప్పా, ఆ మూల విస్తరి ఎవురిది?"

జయరాముడు గరిటె వైపు చూశాడు. తర్వాత గరిటె పట్టుకున్న మనిషి వైపు చూశాడు. చూపు అక్కడి నుంచి తిరిగి రావడానికి కొంత ఆలస్యమైంది.

"నేను గమనించలేదే."

"కండ్లు యాడ పెట్టుకోని తిన్నావు?"

"విస్తట్లో. నీ పప్పు అట్లుండాది మరి. కావాలంటే ఆ దొంగను నేను పట్టిస్తా. రైల్లో డిటెక్టివ్ నవలలు శానా చదివినోణ్ణి."

"ఊరికేనా?"

"ఇంకొక సంగటి ముద్ద ఎక్కువెయ్యి, చాలు."

ఆ విధంగా పెనుకొండలో ఒక డిటెక్టివు సంగటి జీతం మీద ఉద్యోగంలో చేరాడు.

పరిశోధన జోరుగా సాగింది. అంటే, ఎక్కడికీ పోలేదు. రోజూ మధ్యాహ్నం జయరాముడు రైలు దిగి వచ్చేవాడు. రోజూ ఎక్కడో ఒక విస్తరి అవతలికి మడిచి ఉండేది. ఆదెప్పకు పంక్తిలో మొహాలు ఆనవు, రామాంజినమ్మ పొయ్యి వదిలి రాదు. ఇక నేరస్థుడికి ఇంతకన్నా మంచి ఊరు ఎక్కడ దొరుకుతుంది?

పంక్తి లేచాక పెరట్లో రిపోర్టు.

"ఈ పొద్దు ఎవురు?"

"ఆ బోడిగుండు ఆయన మీద నాకు అనుమానం. చారు రెండోసారి అడిగినాడు."

"చారు అడిగితే దొంగా?"

"బాగుండాదని నమ్మించేకి అడుగుతారు. అసలైన సస్పెక్టులు అట్లే చేస్తారు."

"నువ్వు మూడోసారి కూడా అడిగినావు కదప్పా?"

జయరాముడికి పొలమారింది. అదృష్టం బాగుండి ఆ క్షణాన వాన మొదలైంది. ఏడాదికి నాలుగు చినుకులు రాలితే గొప్పనుకునే ఆ సీమలో మేఘాలు కూడా డిటెక్టివు పక్షమే వహించాయి. ఇద్దరూ ఒకే చూరు కిందికి పరుగెత్తారు. చూరు సన్నం, వాన లావు. రిపోర్టు చాలాసేపు సాగింది. అందులో నేరం గురించి ఒక్క ముక్క లేదు.

ఆదెప్పకు చూపు తక్కువైనా ఇరుగుపొరుగుకు నోళ్ళు తక్కువ కాదు. ఒక సాయంత్రం కూతుర్ని పిలిచాడు.

"ఎవురో దినామూ చావుకూడు తిన్నట్టు మడిచి పోతాండారంట. హిందూపురం నుంచి వంటాయన రేపు వస్తాండాడు. నువ్వు మడకశిరలో మీ అత్త ఇంటికి పో."

"ఈ పొయ్యి నాది నాయనా!"

"పొయ్యి నీదే. తినేటోళ్ళు పోతే దానిమీద ఏం వండుతావు?"

మరునాడు పంక్తి లేవగానే రామాంజినమ్మ పెరటి తలుపుకు అడ్డంగా నిలబడింది. వసారాలో మళ్ళీ ఒక విస్తరి అవతలికి మడిచి ఉంది. అరుగు మీద హిందూపురం వంటాయన తలగుడ్డ బిగిస్తూ కూర్చున్నాడు.

"ఎవురూ కదలొద్దు. ఇది మడిచినోడు తేలేదాకా చేతులు కడిగేది లేదు. హనుమంతప్పా, నువ్వేనా?"

హనుమంతప్ప రిటైరైన గుమాస్తా. ప్రపంచంలో ఏ వంటలోనైనా ఉప్పు తప్పు పట్టగలడు. అనుమానించడానికి అంతకన్నా అర్హుడు ఊళ్ళో లేడు.

"నేనా? చారు పలచనని నోటితో చెప్పేటోణ్ణి, విస్తరితో నాకేం పని?"

"కొండెక్కి దేవుని ముందర ప్రమాణం చేస్తావా?" అన్నాడు ఆదెప్ప.

"ఈ మోకాళ్ళతో కొండెక్కితే నన్ను దించేకి నలుగురు కావాల! నన్నేం చెయ్యమంటావప్పా?"

వెనకనుంచి ఎవరో గుసగుసలాడారు. రామాంజినమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాకు ఈ పొద్దొకటే ఉండాది. రేపటి నుంచి ఈ పొయ్యి ఆయనది. నేను మడకశిరకు పోతాండా."

జయరాముడు ఎంగిలి చేత్తోనే ముందుకొచ్చాడు.

"ఆయన్ని వదిలెయ్యండి మామా. మడిచింది నేను."

"ఎవురికి మామ?" రామాంజినమ్మ గరిటె లేచింది.

"మొదటి దినం తెలీక చేసినా. గిరాకీ ముందర చీర పరిస్తే సరిగంచు వాళ్ళకు కనబడాలని అవతలికే మడుస్తాము. చెయ్యి ఆ వాడుకన పోయింది. నువ్వు గరిటె తీసుకోని దూకితివి. భయపడి అబద్ధమాడితిని."

ఆదెప్ప గాలిలో చీర మడిచినట్టు చేతులు ఆడించి, తల ఊపాడు. జన్మంతా చీరలు మడిచిన చేతులు ఆయనవి. అరుగు వైపు తిరిగి, "అప్పా, స్టేషనుకు దారి తెలుసు కదా?" అన్నాడు. వంటాయన తలగుడ్డ విప్పాడు.

హనుమంతప్ప చేతులు కడుక్కోవడానికి విజయోత్సాహంతో నడిచాడు.

రామాంజినమ్మ మాత్రం కదలలేదు. "ఒకనాడు సరే. మిగిలిన దినాలూ చేతి వాడుకేనా? నా పొయ్యి పోతాంటే సంగటి మింగుతా కూర్చున్నావే!"

"పొయ్యి పోతాదని ఇప్పుడు నీ నోటనే విన్నా, నీ మీద ఒట్టు. తెలిసుంటే మొదటి దినమే నీ గరిటె కింద తల పెట్టుండేవాణ్ణి. మిగిలిన దినాలు మాత్రం కావాలనే చేసినా, అబద్ధం చెప్పను. హిందూపురం పోవాల్సిన చీరలు ఇంకా మూటలోనే ఉండాయి. మా నాయన చూస్తే తోలు తీస్తాడు. నేనేం చేసేది? పప్పు బాగుండాదని తమవైపు మడిచి పోయినోళ్ళు ఈ ఊర్లో ఎంతమంది లేరు? వాళ్ళ మొగం చూసేకి నువ్వు ఒక్కనాడన్నా వంటింట్లోనుంచి బయటికొచ్చినావా?"