కుందేలు ఆగలేదు

కిమెలిని చూసి జాలిపడని వాళ్ళు ఎల్డొరెట్ ఊళ్ళో తక్కువ. పుట్టింది ఇటెన్ కొండ మీద, రన్నర్ల గడ్డ. పొడుగు కాళ్ళు, సన్నటి ఒళ్ళు. దూరం నుంచి చూస్తే పతకం మెళ్ళో వేసుకుని విమానం దిగినవాడిలా ఉంటాడు. పరిగెత్తితే మాత్రం బడి గేటు దాటకముందే ఆయాసం. "పోనీలేరా, చదువుకో," అన్నాడు టీచరు. వాళ్ళ వంశంలో మొదటి గ్రాడ్యుయేట్ అలా తయారయ్యాడు.

ఇప్పుడతని ఉద్యోగం, పరిగెత్తేవాళ్ళ పేర్లను బోర్డు మీద పరిగెత్తించడం. రన్నర్ నంబరు వెనక చిన్న చిప్ ఉంటుంది. రోడ్డు మీద పరిచిన చాపను దాటగానే కబురు వస్తుంది. ఆ కబుర్లన్నీ క్షణాల మీద లెక్కగట్టి, ఎవరు ముందో బోర్డు మీద చూపించాలి. దీనికి పెద్ద పెద్ద సిస్టములు, పది మంది ఇంజనీర్లు కావాలని బాసు బిర్గెన్ గారు కంగారు పడితే, "అక్కర్లేదు సార్, ఎస్‌క్యూఎల్ చాలు," అన్నాడు కిమెలి. ధైర్యమేమీ కాదు. డేటాబేసుని ప్రశ్నలడిగే ఆ భాష ఒక్కటే అతనికి వచ్చు.

ఎల్డొరెట్ మారథాన్‌కి ముందు ఇటెన్‌లో ఒక చిన్న రేసు పెట్టి ఆ బోర్డును పరీక్షించారు. అంతా సవ్యంగా అయింది. కిమెలి టార్పాలిన్ కింద కూర్చుని టీలో మందాజీ బూరె ముంచుకుంటుండగా, మోకాళ్ళ దాకా ఎర్రమట్టితో ఒక అమ్మాయి వచ్చి నిలబడింది.

"ఈ బోర్డు ఎవరిది?"

నోటి నిండా మందాజీ ఉండటంతో కిమెలి చెయ్యి ఎత్తాడు.

"ఇందులో నేనెక్కడ?"

"నంబరు చెప్పండి."

"పదిహేడు. పేరు జెలగత్. అందరికంటే ముందు పరిగెత్తింది నేను. మా అమ్మ ఫోన్ పట్టుకుని చూస్తే నా పేరే లేదట. ఏ గోతిలో పడిపోయానో అని ఇంటి దగ్గర ఒకటే ఏడుపు."

కిమెలి లాప్‌టాప్ చూశాడు. అతని మొహం వెలిగింది. "ఓ, మీరు కుందేలా!"

కుందేలంటే, వేగం కోసం రేసువాళ్ళు పెట్టుకునే మనిషి. అందరికీ ముందు పరిగెత్తి, గాలినంతా తన ఛాతీ మీద కాచుకుని, చెప్పిన చోట పక్కకి తప్పుకుంటుంది. చప్పట్లు వెనకొచ్చినవాళ్ళకి.

"కుందేళ్ళని బోర్డులో చూపించమండీ. ఎలాగూ మధ్యలో ఆగిపోతారు కదా. 'కుందేళ్ళు తప్ప మిగతావాళ్ళు' అని ఒక్క లైను రాశామంతే."

"రాసిందెవరు?"

తెలివున్నవాడైతే ఇక్కడ బాసు పేరు చెప్పేవాడు. "నేనే," అన్నాడు కిమెలి, పైగా కాస్త గర్వంగా.

"ఒక్క లైనుతో మనిషిని మాయం చేశావన్నమాట. చదువంటే ఇదేనా ఇంజనీరూ?"

ఆమె వెళ్ళిపోయింది. మందాజీ టీలో మునిగిపోయింది.

మర్నాడు కిమెలి క్షమాపణ చెప్పడానికి వాళ్ళింటికి బయల్దేరాడు. ఇల్లు కొండ మీద. గుమ్మం దగ్గరికి చేరేసరికి చెప్పాల్సిన మాటలన్నీ ఆయాసంలో పోయాయి. జెలగత్ తల్లి కంగారుపడి నీళ్ళిచ్చింది.

"ఎవరో తరుముకొస్తున్నారా బాబూ?"

"లేదమ్మా, నడిచే వచ్చాను."

లోపల్నించి పకపకా నవ్వు వినిపించింది.

ఊపిరి అందాక ఆవిడ ఫోన్‌లో ఒక పేజీ తెరిచాడు. "బోర్డు మీద లేకపోయినా ఇందులో మీ అమ్మాయి ఒక్కతే కనిపిస్తుందమ్మా. ఎక్కడుందో, ఎన్నో స్థానంలో ఉందో."

"ఎన్నిసార్లు నొక్కాలి?"

"నొక్కక్కర్లేదు. మామూలు డేటాబేసు అయితే అడిగినప్పుడు ఒకసారి చెప్పి ఊరుకుంటుంది. మళ్ళీ కావాలంటే మళ్ళీ అడగాలి. ఇది వేరే రకం. ఒక్కసారి అడిగి వదిలేస్తే చాలు. కొత్త కబురు వచ్చినప్పుడల్లా జవాబు దానంతటదే మారుతుంది."

"ఆ గుణం మా ఆయనకి ఉంటే ఎంత బాగుండేది," అంది తల్లి.

జెలగత్ గడపకు ఆనుకుని అంతా విన్నది. "ఫర్వాలేదు, ఇంజనీరుకి ఒక విద్య వచ్చు," అంది.

ఆ తర్వాత చాపల్ని పరీక్షించడానికి రోజూ ఒక రన్నర్ అవసరమైంది. నిజానికి వారానికోసారి చాలు. బిర్గెన్ గారికి ఎస్‌క్యూఎల్ రాదు కాబట్టి కిమెలి బతికిపోయాడు. ఆమె ముందు పరిగెత్తేది, ఇతను సైకిలు మీద వెనక. ఎత్తు వచ్చిందంటే సైకిలు కూడా వెనకబడేది.

ఒక మధ్యాహ్నం వాన విరుచుకుపడింది. ఇద్దరూ ఆకుకూరల దుకాణం పట్టా కిందకి దూరారు. పట్టా అంచు నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఆమె తల తుడుచుకుంటూ ఇతనివైపు చూసింది. ఇంతకంటే మంచి సమయం జన్మలో రాదని కిమెలికి తెలుసు. గొంతు సవరించుకున్నాడు.

"నీ చిప్ సిగ్నల్ చాలా బాగుంటుంది జెలగత్."

"ఇంకేమైనా బాగుంటుందా?"

"ఆ... చాప కూడా."

ఆకుకూరలావిడ తల కొట్టుకుంది.

వాన తగ్గుతుండగా జెలగత్ గొంతు తగ్గించింది. "మారథాన్‌లో నన్ను ముప్పయ్యో కిలోమీటరు దాకా పెట్టుకున్నారు. అక్కడ ఆగాలని లేదు. రూలు ప్రకారం కుందేలు కూడా చివరిదాకా వెళ్ళొచ్చు. ఎవరితోనూ అనకు. అన్నావంటే మొదట్లోనే నన్ను తీసేస్తారు. కానీ బోర్డు మీద పేరు లేకపోతే రన్నర్లని వెతికే ఏ మేనేజరు కంట్లో పడతాను? మళ్ళీ ఏడాది కూడా కుందేలునే."

"నీ పేరు వస్తుంది," అన్నాడు కిమెలి.

మాటైతే ఇచ్చాడు. బాసు దగ్గరికి వెళ్ళి, కుందేళ్ళనీ చూపిద్దాం సార్ అన్నాడు. ఎందుకని ఆయన అడిగితే అసలు కారణం చెప్పలేక తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"కుందేలు ఫస్టు అని చూపించాక అది కాస్తా ఆగిపోతే ఊరంతా నవ్వుతుంది. ఆ లైను ముట్టుకోకు," అన్నారు బిర్గెన్ గారు.

రేసు రోజు ఎల్డొరెట్‌లో జనం కిక్కిరిసిపోయారు. గమ్యానికి కాస్త ఇవతల డేరాలో కిమెలి, పక్కనే బిర్గెన్ గారు. వాళ్ళ వెనక జెలగత్ తల్లి, ఒళ్ళో ముర్సిక్ పాల సొరబుర్ర. లోపల బొగ్గు పూసిన బుర్రలో పులియబెట్టిన ఆ పాలు గెలిచి వచ్చినవాళ్ళకి పట్టేవి. కుందేలు తల్లి ఆ బుర్ర ఎందుకు తెచ్చిందో ఎవరికీ అర్థం కాలేదు, కిమెలికి తప్ప.

రేసు ముప్పయ్యో కిలోమీటరు దాటింది. మైకులో మోగిపోతోంది, "ఇప్పుడు లీడర్ నంబర్ నాలుగు!" బోర్డులో మొదటి పేరు ఆ నాలుగో నంబరు అమ్మాయిదే. దాన్ని చూసి మేనేజర్లు ఫోన్లలో మాట్లాడుకుంటున్నారు.

తల్లి వెనక నుంచి భుజం తట్టింది. "బాబూ, మా పిల్ల ముప్పై దాటి ఇంకా పోతూనే ఉంది. ఫోన్‌లో ఒకటో స్థానం అంటోంది, మైకులో ఇంకెవరినో అంటున్నారు. నీ పేజీ పాడైందా?"

"పాడవలేదమ్మా." కిమెలి బాసు వైపు తిరిగాడు. "సార్, ఆ కుందేలు ఆగలేదు. అందరికంటే ముందుంది. ఆ లైను తీసేస్తాను."

"తీసేస్తే ఏమవుతుంది?"

"పొద్దుటి నుంచి వచ్చిన కబుర్లన్నీ మొదట్నించి లెక్కేసుకుంటుంది. అప్పటిదాకా బోర్డు ఖాళీగా ఉంటుంది."

"ఇంత జనం ముందా! కిమెలీ, నీకు ఉద్యోగం మీద ఆశ ఉందా లేదా?"

"ఉంది సార్," అని నిజమే చెప్పి, లైను చెరిపేసి, ఎంటర్ నొక్కాడు.

బోర్డు నల్లబడింది. జనం ఈలలు. "మన ఇంజనీరు గారు కూడా మధ్యలో ఆగిపోయినట్టున్నారు," అన్నాడు మైకువాడు. బిర్గెన్ గారు రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. కిమెలి తనకు తెలిసిన ప్రార్థనలన్నీ చేశాడు. లాప్‌టాప్ తెర మీద తెల్లటి గీత మిణుకుమిణుకుమంటూనే ఉంది. కళాశాలలో నాన్న పక్కన నిలబడి దిగిన పట్టా ఫొటో గుర్తొచ్చింది. దాన్ని గోడ మీంచి తీసేయాల్సి వస్తుందేమో.

బోర్డు వెలిగింది. మొదటి వరసలో, జెలగత్.

మైకువాడి గొంతు కీచుమంది. మేనేజర్లు లేచి నిలబడ్డారు. "మా సిస్టమ్ ఎవర్నీ వదిలిపెట్టదండీ," అంటున్నారు బిర్గెన్ గారు అప్పుడే వాళ్ళతో.

కిమెలి డేరా వదిలి కాళ్ళకు బుద్ధి చెప్పాడు. గమ్యం ఎంతో దూరం లేదు. అతనికి అదే మారథాన్. అతను చేరేసరికి రేసు అయిపోయింది. చివరి మలుపులో నంబర్ నాలుగు దాటేసింది. జెలగత్‌ది రెండో స్థానం. ఇద్దరు మేనేజర్లు అప్పటికే ఆమెను పేరు పెట్టి పిలుస్తున్నారు. వాళ్ళకి ఆ పేరు ఎవరూ చెప్పలేదు, బోర్డు తప్ప.

నలభై రెండు కిలోమీటర్లు పరిగెత్తిన ఆమె తీరిగ్గా నిలబడి ఉంది. ఇతను మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వగరుస్తున్నాడు. తల్లి వచ్చి కూతురికి ముర్సిక్ పట్టి, బుర్ర అతని నోటికి కూడా ఆనించింది. "నువ్వూ తాగు నాయనా. ఇవాళ నువ్వూ పరిగెత్తావు." సగం చొక్కా మీద పడింది.

"ఏదో చెప్పాలని వచ్చినట్టున్నావు. నా చిప్ సిగ్నల్ బాగుందనా?" అంది జెలగత్.

"కాదు. ఒకటి అడుగుదామని... ఎలా అడగాలో..."

"ఒక్కసారి అడిగితే చాలన్నావుగా."

అడిగాడు. పాల మీసంతో, అంత జనంలో, ఊపిరికీ ఊపిరికీ మధ్య ఒక్కో ముక్క చొప్పున. చినుకులు మొదలయ్యాయి. తల్లి బుర్ర మూత పెడుతున్నట్టు నటిస్తూ చెవి ఇటే వేసింది.

జెలగత్ అతని పాల మీసం వంక చూసింది. "కొత్త కబురు వచ్చినప్పుడల్లా జవాబు మారుతుందని కూడా అన్నావు కదా?"

"అన్నాను," ఒప్పుకున్నాడు కిమెలి, తన ఎస్‌క్యూఎల్‌ని మనసులో తిట్టుకుంటూ.

"అయితే ఇప్పటికి సరే. రోజూ వచ్చి చూసుకుంటూ ఉండు."

"పాపం, రోజూ ఆ కొండేం ఎక్కుతాడే," అంది తల్లి, ఫోన్ నడుముకి చుట్టిన గుడ్డలో దోపుకుంటూ. "పేజీ నా దగ్గరుంది. మారితే నేను చెప్తాలే."