నూట ఎనిమిదో దాహం

వైశాఖ బహుళ అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

పిశాచాలు రాత్రిపూటే తిరుగుతాయని ఎవరన్నారో గాని, ఆ అన్నవాడు నడివేసవిలో యానాం చూసి ఉండడు. మార్తాండుడు నడినెత్తిన నిలిచి అగ్నివర్షం కురిపిస్తున్న ఆ ఘోరఘడియలో గౌతమీ గోదావరి కరిగిన సీసంలా కదలక పడి ఉంది. కాకి అరవడం లేదు. కుక్క మొరగడం లేదు. ఊళ్ళో మనుషుల అలికిడి ఉన్నదల్లా మందు షాపుల ముందే! బ్రిడ్జి అవతల నుంచి బళ్ళ మీద వచ్చినవాళ్ళూ, ఈవలివాళ్ళూ తేడా లేకుండా ఒకరి భుజం మీంచి ఒకరు చేతులు చాపుతూ సీసాల కోసం ఎగబడుతున్నారు. అందులో సగం భక్తి దేవుడి మీద చూపించి ఉంటే ఆయన ఎప్పుడో దిగివచ్చేవాడు.

ఆ భక్తిని తిని బతికే క్షుద్రశక్తి ఒకటుంది... దాని పేరు దాహిని!

దరియాలతిప్ప దాటాక మడచెట్ల అంచున, ఏనాడో మూతబడిన ఐసు ఫ్యాక్టరీ ఒకటి ఉంది. తుప్పు పట్టిన ఆ రేకుల కింద, కటిక చీకటిలో, రక్తచందనంతో గీసిన మండలం... మండలం మధ్య రాగితీగతో దవడ బిగించిన ఒక మానవ కపాలం! గోడల వెంబడి, ఎర్రగుడ్డలతో మూతులు కట్టిన నూట ఏడు మట్టిపిడతలు! ఒక్కో పిడతకూ ఒక్కో తాటాకు ముక్క వేలాడుతోంది.

వాటికి అధిపతి ఉమామహేశ్వరం. మూడేళ్ళ క్రితం ఎక్కడి నుంచి వచ్చాడో ఎవరికీ తెలియదు. జనానికి మాత్రం అతడు 'మందు మాన్పించే స్వామి'. పైసా దక్షిణ ముట్టడు. అదే కొంప ముంచింది! డబ్బు పుచ్చుకోనివాడు మోసం ఎందుకు చేస్తాడనుకుని మెట్టకూరు నుంచి, అగ్రహారం నుంచి, ఏటి అవతలి ఊళ్ళ నుంచి తల్లులు కొడుకుల్నీ, పెళ్ళాలు మొగుళ్ళనీ చేతులు పట్టుకుని తీసుకొచ్చారు. వచ్చినవాళ్ళు నిజంగానే మందు మానేశారు. మానేసిన నెలలోపే పోయారు. లివరు అప్పటికే చెడిపోయిందిలే అని అయినవాళ్ళు సరిపెట్టుకున్నారు. స్వామి మీద ఈగ వాలలేదు.

అసలు సంగతేమిటంటే, ఆ దుర్మార్గుడు తాగుబోతు ప్రాణాన్ని అతని దాహంతో సహా లాగి పిడతలో బంధిస్తాడు. నూట ఎనిమిది దాహాలు ఆహుతిస్తే దాహిని అతనికి చావు లేకుండా చేస్తుంది. ఇక కావలసింది ఒక్కటి... ఒకే ఒక్కటి!

ఆ ఒక్కటీ ఇప్పుడు తూలుతూ గుమ్మంలోకి వచ్చింది.

అతని పేరు మణిదీప్. వయసు ముప్పై ఒకటి. ఒకప్పుడు వల విసిరితే రేవంతా చూసేది. ఇప్పుడు కళ్ళు పసుపుముద్దలు, కాళ్ళు పుల్లలు, పొట్ట మాత్రం నిండుచూలాలిదిలా ఉంది. అతని రెక్క పట్టుకుని నడిపిస్తున్నది భార్య శిరీష.

ఇద్దరిలో తప్పు చేసింది శిరీషే. పాపం, ప్రేమతోనే చేసింది. "ఇవాళ మానినా బతుకుతాడమ్మా, కానీ ఇంట్లో మాన్పించకు, ఆసుపత్రిలో చేర్చు" అని డాక్టరు స్పష్టంగా చెప్పాడు. తాగుబోతుల వార్డులో మొగుణ్ణి పడుకోబెడితే పేటలో తలెత్తుకోలేనని, ఆమె సీసాలన్నీ ఏట్లో పారేసి ఇంటికి తాళం పెట్టింది. మూడో రోజుకల్లా అతని ఒళ్ళంతా వణికింది. గోడల మీద పీతలు పాకుతున్నాయని కేకలు పెట్టాడు. మందు హఠాత్తుగా ఆగితే ఒళ్ళు చేసే రభస అది. ఇరుగుపొరుగుకు ఆ మాట ఎవరు చెప్పాలి? గాలి సోకిందన్నారు. స్వామి దగ్గరికి తీసుకుపొమ్మన్నారు.

"సామీ, ఈయన బతికితే సాలండి. ఇంకేం అడగనండి" అంటూ శిరీష స్వామి కాళ్ళ మీద పడింది.

"లే తల్లీ. ఈ పూటతో సరి. ఇక జన్మలో తాగడు" అన్నాడు ఉమామహేశ్వరం.

ఆ మాటలో అబద్ధం ఒక్కటీ లేదు!

మణిదీప్‌ను మండలంలో కూర్చోబెట్టాడు. శిరీష చేతికి ఒక కొబ్బరిచిప్ప ఇచ్చాడు. దాని నిండా నల్లటి సారా... మీద బుడగలు తేలుతున్నాయి.

"ఇది ఆఖరి గుక్క. కట్టుకున్నదాని చేత్తోనే తాగాలి. నేను చెప్పినప్పుడు అందించు" అన్నాడు. ఆ తర్వాత ఒక పొగాకు చుట్ట తీసి వెలిగించాడు. "ఈ కపాలం ఒక తల్లిది. ఆమె పిలిస్తేనే ఇతని లోపల ఉన్నది బయటికి వస్తుంది. చచ్చినవాళ్ళకు ఒక ధర్మం ఉందమ్మా... వాళ్ళకు ప్రీతి అయినదాన్ని, వాళ్ళ అలవాటు తీరున ఎవరు అందిస్తారో, వాళ్ళ మాటే వింటారు!"

ఇంత తెలిసినవాడు అక్కడే పప్పులో కాలేశాడు. చుట్టను మగవాడు కాల్చినట్టే, నిప్పున్న కొస బయటికి ఉండేలా కపాలం పళ్ళ మధ్య గుచ్చాడు.

"ఓం హ్రీం దాహిని! శోషయ శోషయ! పిబ పిబ!"

మంత్రం రేకులకు తగిలి ఘూర్ణిల్లింది. కపాలం పలకలేదు.

రెండోసారి మంత్రించాడు... మూడోసారి... చెమటలు ధారలు కట్టాయి. కపాలం పలకలేదు!

"మాట్లాడవేం!" అని పళ్ళు పటపట కొరుకుతూ దాన్ని రెండు చేతులతో ఎత్తి వెల్లకిలా తిప్పాడు. రేకుల సందులోంచి సన్నటి ఎండచార ఒకటి సూటిగా దాని నోట్లోకి దూరింది.

శిరీష చూసింది.

కపాలం అంగిట్లో నల్లటి చిల్లు! ఎముకను తొలుచుకుంటూ ముక్కులోకి పోయిన, రూపాయి బిళ్ళంత చిల్లు!

ఆ చిల్లు ఆమెకు తెలుసు. ఎనిమిది నెలల పాటు, రోజుకు ఆరుసార్లు, ఆ చిల్లు దాటించి గంజి మింగించడానికి ఆమె నానా తంటాలు పడింది. చెంచాతో పోసిన గంజి ముక్కులోంచి కారిపోయేది. అది ఆమె అత్త గంగరత్నం నోరు!

గంగరత్నం అడ్డపొగ మనిషి. రేవులో చేపలమ్మే ముసలివాళ్ళంతా అంతే. చేతుల నిండా చేపలు, ఎదురుగా సముద్రపు గాలి. బయట పెట్టుకుంటే చుట్ట ఆరిపోతుందని, నిప్పున్న కొసనే నోట్లోకి తిప్పుకుని పెదాలు బిగించి పీలుస్తారు. నలభై ఏళ్ళు ఆమె నోట్లో నిప్పు పెట్టుకుని తిరిగింది. ఆ నిప్పే అంగిట్లో పుండై, పుండు క్యాన్సరై, ఏడాదిన్నర క్రితం ఆమెను తినేసింది. ఇసుకలో పూడ్చిపెట్టి వచ్చారు. ఈ నీచుడు అక్కడ కూడా వదల్లేదు! కొడుకు ప్రాణం లాగడానికి కన్నతల్లి తలనే తవ్వి తెచ్చాడు!

శిరీష కళ్ళు గోడ వైపు తిరిగాయి. తాటాకుల మీద పేర్లు... మెట్టకూరు లూయిస్... ఫెర్రీ రోడ్డు సత్యనారాయణ... అమ్మన్న... ఇంకా ఇంకా... అందరూ స్వామి దయవల్ల మందు మానేసినవాళ్ళు. అందరూ పోయినవాళ్ళు. చిట్టచివర ఒక ఖాళీ పిడత. దాని ఆకు మీద తడి ఆరని అక్షరాల్లో 'మణిదీప్'!

ఆమె చిప్పతో ఒక అడుగు వెనక్కు వేసింది.

"తెలిసిపోయిందా?" ఉమామహేశ్వరం వికటాట్టహాసం చేశాడు. "తెలిస్తే మాత్రం ఏం చేస్తావే! తాగించు... లేదంటే ముందు నీ పీక నులిమి, తర్వాత నేనే తాగిస్తాను!"

"సచ్చినా తాగించను!" అని అరిచి శిరీష చిప్పను వెనక్కు లాక్కుంది.

అప్పుడు ఆ చిప్ప మీద మరో చెయ్యి పడింది. అది మాంత్రికుడిది కాదు... మణిదీప్‌ది!

"ఇయ్యే... ఒక్క గుక్కే... నీ కాళ్ళట్టుకుంటానే సిరీ..."

చావు ఎదురుగా కూర్చుని ఉందని చెప్పినా అతని చెవికెక్కదు. మూడు రోజులుగా ఎండిపోయిన ఆ గొంతుకు వేరే ప్రపంచం లేదు. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ బలం, పెళ్ళాన్ని ఒక్క తోపు తోసి చిప్ప లాక్కున్నాడు. సగం ఒలికిపోయింది. మిగిలిన సగాన్ని రెండు చేతులా పట్టుకుని పెదాల దగ్గరికి ఎత్తుతున్నాడు. మాంత్రికుడి ముఖం వెలిగిపోయింది. కపాలాన్ని మండలంలో దించి, నూట ఎనిమిదో పిడత కోసం చెయ్యి చాచాడు.

శిరీష నేల మీద పడి ఉంది. కపాలం ఆమె చేతికి జానెడు దూరంలో ఉంది. ఆమె కపాలం పళ్ళ మధ్య ఉన్న చుట్టను లాగింది. నిప్పున్న కొసను వేళ్ళతో పట్టుకుని తిప్పింది. చర్మం చుర్రుమని కాలింది. అయినా వదల్లేదు. మండుతున్న ఆ కొసను అత్త నోట్లోకి, ఆ నల్లటి చిల్లు దాకా తోసి దవడ మూసింది.

"అత్తా... నీ కొడుకే! నీ కొడుకే అత్తా!"

ఫెళఫెళమని పిడుగు పడింది! ఇందాకటి దాకా మబ్బుతునక లేని ఆకాశంలో కారుమేఘాలు కమ్ముకొచ్చాయి. గోదావరి మీంచి లేచిన ఈదురుగాలికి రేకులు ఊడిపోయాయి. కపాలం ముక్కురంధ్రాల్లోంచి పొగ లేచింది... ఆ పొగ పాకుతూ వచ్చి శిరీష ముక్కులోకి దూరింది!

ఆమె లేచి నిలబడింది. జుట్టు విరబోసుకుంది. కళ్ళు చింతనిప్పులు! నోరు తెరిస్తే ఆ నోట్లో ఎర్రగా నిప్పు రగులుతోంది! మణిదీప్ చేతిలోని చిప్ప ఆ చూపుకే పగిలి ముక్కలైంది.

"ఎవడ్రా నన్ను తవ్వి తీసింది!"

ఆ గొంతు శిరీషది కాదు. అంగిలి పోయి ముక్కుతో మాట్లాడే గంగరత్నానిది!

"ఆగు! నేను నిన్ను బంధించాను! నా ఆజ్ఞ! దాహిని ఆజ్ఞ!" ఉమామహేశ్వరం విభూతి విసిరాడు. అది గాలిలోనే భగ్గున మండి మాయమైంది.

"కట్టేవా? నేను సుట్టెలా కాలుత్తానో తెలీనోడివి, నువ్వు నన్ను కడతావంట్రా! మా రేవులో ఏ ముసిల్దాన్నడిగినా సెప్పేదిరా ఎదవా! నా కళేబరం తవ్వేవు... నా కొడుకు పేణం నా నోటితోనే లాగుదామనుకున్నావు... ఇదిగో, తీసుకో!"

ఆమె నోట్లోంచి వెలువడిన జ్వాల గోడల వెంబడి పరుగెత్తింది. ఎర్రగుడ్డలు భగ్గుమన్నాయి. పిడతలు ఒక్కటొక్కటే పేలాయి! నూట ఏడు దాహాలు... దగ్గుతూ, మూలుగుతూ, నీళ్ళో నీళ్ళో అని అలమటిస్తూ... నల్లటి ఆవిరులై లేచి, తమను బంధించినవాడిని గుర్తుపట్టాయి. అతడు నోరు మూసుకున్నాడు. ముక్కులోంచి దూరాయి. ముక్కు మూసుకున్నాడు. చెవుల్లోంచి దూరాయి!

"దాహం! దాహిని, రక్షించు! దాహం!"

దాహిని పలకలేదు. దానికి ఆహుతి ఎవరైతేనేం? నూట ఎనిమిది లెక్క సరిపోయింది.

మాంత్రికుడు గొంతు చించుకుంటూ ఏటి వైపు పరుగెత్తాడు. గంగరత్నం అతని వెంట పడలేదు. కొడుకు వైపు తిరిగింది. మణిదీప్ గోడకు కరుచుకుపోయాడు.

"అమ్మా..."

"అమ్మంట అమ్మ! రారా ఇలాగ!" జుట్టు పట్టుకుని లాక్కొచ్చి, అతని వేలు బలవంతంగా కపాలం అంగిట్లో పెట్టించింది. "ఎట్టి సూడు. తగిలిందా సిల్లు? ఇది ఏ మంతరగాడూ సేసింది కాదురా. నాకు నేనే సేసుకున్నాను. సుట్ట మానవే అమ్మా అని నువ్వు ఏడిత్తే నవ్వేను. ఇప్పుడు నీ పెళ్ళాం ఏడుత్తుంటే నువ్వు నవ్వుతున్నావు. ఆడు నూటేడు మందిని సంపేడు... సగం పని ఆళ్ళే సేసుకుని ఆడి కాడికొచ్చేరు. ఇంకోపాలి నీ నోట్లో సుక్క పడిందా, నిన్ను సంపడానికి నేనే వత్తాను!"

చెంప ఛెళ్ళుమంది. ఆ వెంటనే శిరీష మొదలు నరికిన చెట్టులా కూలిపోయింది. ఆమె ముక్కులోంచి ఆఖరి పొగ బయటికి వచ్చి అప్పుడే మొదలైన వానలో కలిసిపోయింది.

ఉమామహేశ్వరం మోకాలిలోతు నీళ్ళలో బోర్లా పడి తాగుతూనే ఉన్నాడు. వేసవిలో సముద్రం ఎగదన్ని ఆ నీరంతా ఉప్పుమయం! తాగినకొద్దీ దాహం... దాహం కొద్దీ తాగుడు... కడుపు ఉబ్బి బిగుసుకుపోయింది. నాలుక నల్లబడి బయటికి వేలాడింది. నూట ఏడుగురూ లోపల నుంచి ఇంకా ఇంకా అని అరుస్తున్నారు. సముద్రపు పోటెక్కి నీరు పెరిగింది. అతడు తల ఎత్తలేదు. మర్నాడు వేటకు వెళ్ళినవాళ్ళకు మడచెట్ల వేళ్ళలో చిక్కుకుని దొరికాడు. నోరు అప్పటికీ తెరిచే ఉంది. ముట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు.

ఆ వేళకు శిరీష ఆసుపత్రిలో, తాను సిగ్గుపడిన ఆ వార్డులోనే ఉంది. కాలిన వేళ్ళకు కట్టు కట్టించుకుని మణిదీప్ రెండు చేతులూ మంచానికి అదిమి పట్టుకుంది. నర్సు సెలైను ఎక్కిస్తోంది. అతని ఒళ్ళు మంచంతో సహా ఊగిపోతోంది.

"ఒక్క సుక్క తెచ్చియ్యే... ఒక్కటే... లేపోతే సచ్చిపోతానే సిరీ..."

శిరీష అతని ముఖంలోకి వంగింది. ఇప్పుడు ఆ గొంతు ఆమెదే.

"సావు. మానేసి సావు. తాగి సావడానికి మాత్రం నిన్నొదల్ను" అంది, పట్టు సడలించకుండా.