చేతి బిగువు, పానా బిగువు

"టార్చీ! వెలుగు ఎక్కడ పెడుతున్నావే? నా ముక్కుకి కాదు, బోల్టుకి చూపించు!"

కారు కింద నుంచి తాతయ్య గొంతు వచ్చింది. టార్చి గబుక్కున చెయ్యి తిప్పింది.

బళ్లో ఆ అమ్మాయికి వేరే పేరు ఉంది. కానీ ఊహ తెలిసినప్పటి నుంచీ తాతయ్యకు టార్చిలైటు పట్టుకోవడం ఆమె పనే. అందుకని ఇంట్లో పేరే టార్చి అయిపోయింది.

ఇక ఆ కారు పేరు పెద్దమ్మ. నవ్వకండి, దానికో లెక్క ఉంది. తాతయ్య కారు కొన్న తర్వాతే అమ్మ పుట్టింది. ముందు ఇంటికొచ్చింది కాబట్టి కారు అమ్మకు అక్క. అంటే టార్చికి పెద్దమ్మ వరస. గోధుమరంగు ఒళ్లు, గుండ్రటి దీపాలు, తలుపు వేస్తే వీధి చివరిదాకా వినిపించే చప్పుడు. అలాంటి కార్లు ఇప్పుడు రోడ్డు మీద కనబడటం లేదు. ఎప్పుడైనా కనబడితే నాలాంటి వాళ్లం పని మానుకుని నిలబడి చూస్తాం.

పెద్దమ్మకు ఆయిల్ మార్చడం ఎప్పుడూ ఆదివారమే, ఎప్పుడూ ఇంటి ముందే. తాతయ్య ముందు ఇంజను కాసేపు నడిపేవాడు. వేడెక్కితే ఆయిల్ పల్చబడి చక్కగా దిగుతుంది. తర్వాత ముందు చక్రాలను ఏటవాలు చెక్కదిమ్మల మీదికి ఎక్కించి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, చాప పరుచుకుని కిందికి దూరేవాడు. ఇంజను అడుగున ఉన్న బోల్టు విప్పగానే పాత ఆయిల్ నల్లగా బేసిన్‌లోకి దిగేది. మొదట ధార. తర్వాత బొట్లు. టప్... టప్...

ఆ బొట్ల సమయమంటే టార్చికి ప్రాణం. ఎందుకంటే ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఆఖరి బొట్టు పడేదాకా తాతయ్య కథ చెప్పాలి. అన్నీ పెద్దమ్మ కథలే.

"మీ అమ్మ పుట్టినప్పుడు ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చింది పెద్దమ్మే. దారి పొడుగునా మీ అమ్మమ్మ 'మెల్లగా, మెల్లగా' అంటూనే ఉంది. ఎంత మెల్లగా నడిపానంటే, ఒక సైకిలాయన మమ్మల్ని దాటి వెళ్లి, మళ్లీ వెనక్కొచ్చాడు. 'పాపం, చెడిపోయిందా సార్? తొయ్యమంటారా?' అన్నాడు."

టార్చి పడీ పడీ నవ్వింది. ఈ కథ ఎన్నిసార్లు విన్నదో ఆమెకే తెలియదు. అయినా సైకిలాయన వచ్చే చోట నవ్వకుండా ఉండలేదు.

అప్పుడే అమ్మ బయటికి వచ్చింది.

"నాన్నా, మోకాళ్లు పీకుతున్నాయని నిన్నంతా మూలిగావు. మళ్లీ ఈ నేల మీద దొర్లుడేంటి? మా ఆఫీసు దగ్గరే పాత కార్లు కూడా చూసే సర్వీస్ సెంటర్ ఉంది. పొద్దున ఇస్తే సాయంత్రానికి ఆయిల్ మార్చి, కడిగి, తుడిచి మరీ ఇస్తారు."

"ఆఖరి బొట్టు దాకా ఆగుతారా?"

"ఆగకపోతే ఏమవుతుంది?"

"ఏమీ కాదు. కథ సగంలో ఆగిపోతుంది."

అమ్మకు కోపం రాబోయి నవ్వు వచ్చింది. చిన్నప్పుడు ఆ కథలు వింటూ పెద్దమ్మ వెనక సీట్లో నిద్రపోయిన పిల్లే ఆమె కూడా. ఆయిల్ వాసన వస్తే ఇప్పటికీ ఆమెకు ఆదివారం గుర్తొస్తుంది.

"సరే, ఈసారికి కానివ్వు. ఏమాత్రం తేడా వచ్చినా ఇక నా మాట వినాలి."

"మాటిచ్చేశాను, పో."

అమ్మ లోపలికి వెళ్లింది. బొట్లు ఆగాయి. తాతయ్య మోకాలు పట్టేసినట్టుంది, ఆపసోపాలు పడుతూ బయటికి జరిగాడు.

"ఈసారి బోల్టు నువ్వు పెట్టవే."

టార్చి చెవులను నమ్మలేకపోయింది. ఇన్నాళ్లూ వెలుగు పట్టడమే తప్ప, బోల్టు ముట్టుకోనిచ్చింది లేదు!

"బాగా విను," అన్నాడు తాతయ్య. "ముందు చేతి బిగువు. మర సరిగ్గా పడిందో లేదో వేళ్లకే తెలుస్తుంది. ఆ తర్వాత పానా బిగువు. చేత్తో తిప్పేసి అయిపోయిందనుకోకు. ఇల్లలకగానే పండగ కాదు."

పానా అంటే స్పానరే. తాతయ్య వయసు వాళ్లు అలాగే అంటారు.

టార్చి చాప మీద వెల్లకిలా పడుకుని కిందికి జరిగింది. బోల్టుకు కొత్త వాషరు తొడిగి, వేళ్లతో తిప్పింది. మర బుద్ధిగా ఎక్కింది. తిప్పి, తిప్పి, ఇక వేళ్లకు కదలనంటే ఆపింది. తాతయ్య చేతులు కడుక్కోవడానికి కొళాయి దగ్గరికి వెళ్లాడు.

ట్రింగ్ ట్రింగ్!

గేటు బయట పక్కింటి పిల్ల కొత్త సైకిలు మీద ఉంది. "వస్తావా, రావా? ఒక్క రౌండే! తర్వాత మా అన్నయ్య లాగేసుకుంటాడు!"

టార్చి పానా వైపు చూసింది. సైకిలు వైపు చూసింది. కారు కింద నుంచి బయటికి వచ్చేసింది.

"బిగించావా?" కొళాయి దగ్గర నుంచి తాతయ్య అడిగాడు.

"ఆఁ, బిగించా తాతయ్యా!"

అబద్ధం కాదుగా, చేత్తో బిగించింది కదా! వచ్చాక పానా పెడదాంలే అనుకుని పరుగెత్తింది.

కానీ ఒక్క రౌండు అని బయలుదేరిన సైకిలు ఎప్పుడైనా ఒక్క రౌండుతో ఆగిందా? టార్చి తిరిగొచ్చేసరికి తాతయ్య బోల్టు చుట్టూ గుడ్డతో తుడిచి, కొత్త ఆయిల్ పోసి, పెద్దమ్మను దిమ్మల మీద నుంచి దించేశాడు. టార్చి వంగి చూసింది. నేల మీద చుక్క కూడా లేదు.

"కారడం లేదుగా," అని తనకు తానే సర్ది చెప్పుకుంది.

సోమవారం అమ్మ ఎప్పటిలాగే పెద్దమ్మలో ఆఫీసుకు బయలుదేరింది. సాయంత్రం మాత్రం పెద్దమ్మ తలుపు చప్పుడు వినబడలేదు. అమ్మ బస్సు దిగి నడుచుకుంటూ వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది.

"పొద్దున వంతెన ఎక్కుతుంటే ఆయిల్ తగ్గిందని స్టీరింగు ముందు ఎర్ర దీపం వెలిగింది నాన్నా. వెంటనే ఇంజను ఆపేశాను. దిగి చూస్తే వెనకంతా ఆయిల్ చారలే. వెనక బండ్లన్నీ ఒకటే హారన్లు. సర్వీస్ సెంటర్ వాళ్లు వచ్చి లాక్కెళ్లారు."

"ఇంజను?" అడిగాడు తాతయ్య.

"బాగానే ఉంది. టైముకి ఆపారు కాబట్టి సరిపోయిందన్నాడు మెకానిక్. కింది బోల్టు వదులుగా ఉందట. కుదుపులకి ఊడిపోయింది."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, టార్చి తన వేళ్లను వెనక్కి దాచుకుంది.

"పానాతో బిగించలేదా నాన్నా?"

"పిల్ల బిగించానంది. అది అబద్ధమాడదు." తాతయ్య తన చేతుల వైపు చూసుకున్నాడు. "గుడ్డతో తుడిచేటప్పుడు నేనే ఎటో తిప్పి వదులు చేసి ఉంటాను. చేతులు మునుపటిలా లేవేమో."

ఇప్పుడు చెప్పాలి. టార్చి నోరు తెరిచింది. కానీ చెప్పలేదు. మింగలేక, కక్కలేక అలాగే నిలబడింది.

"ఇక చాలు నాన్నా," అంది అమ్మ మెల్లగా. "ఇక నుంచి సర్వీస్ సెంటరే. మాటిచ్చావు."

"ఇచ్చాను," అన్నాడు తాతయ్య. అంతకంటే ఒక్క మాట కూడా వాదించలేదు. వాదించి ఉంటే టార్చికి కాస్త నయంగా ఉండేది.

మర్నాడు టార్చి బడి నుంచి వచ్చేసరికి తాతయ్య మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన పనిముట్ల పెట్టె. పానాలను ఒక్కొక్కటే తుడిచి, గుడ్డలో చుట్టి లోపల పెడుతున్నాడు. ఆయిల్ పోసే గరాటును కూడా తుడిచాడు. అది ఒకవైపు సొట్టపోయి ఉంటుంది. చిన్నప్పుడు అమ్మ దాన్ని టోపీలా పెట్టుకుని ఆడుతూ పడేసిన సొట్ట అది.

"పెట్టె ఎక్కడికి తాతయ్యా?"

"అటక మీదికి. కింద ఉంటే కాళ్లకు అడ్డం."

తాతయ్య కుడి చెయ్యి చాచి, వేళ్లు విడదీసి, ఎండలోకి పెట్టి చూసుకున్నాడు.

"వణుకుతోందా, చూసి చెప్పవే. మీ అమ్మనడిగితే నేను బాధపడతానని లేదంటుంది. నువ్వైతే ఉన్నదున్నట్టు చెబుతావు."

టార్చి ఆ చెయ్యి చూసింది. గోళ్ల చివర ఎన్నిసార్లు కడిగినా పోని సన్నటి నలుపు. చెయ్యి కొంచెం కూడా కదలడం లేదు. టార్చికి ఏడుపు తన్నుకొచ్చింది.

"వణకట్లేదు తాతయ్యా! నీ చెయ్యేం చెయ్యలేదు. అది... అది చేతి బిగువే. నేను పానా పెట్టలేదు. సైకిలు కోసం వెళ్లిపోయాను. నువ్వడిగితే బిగించానన్నాను."

తాతయ్య చాచిన చెయ్యి మెల్లగా ఒళ్లోకి దించుకున్నాడు.

"నిన్ననే చెప్పి ఉంటే," అన్నాడు చివరికి, "రాత్రి నాకు నిద్ర పట్టేది."

టార్చి వెక్కి వెక్కి ఏడ్చింది. తాతయ్య ఆమె తల మీద చెయ్యి వేశాడు.

"సరే, నాకు చెప్పావు. మరి మీ అమ్మకి?"

"తిడుతుంది."

"తిట్టదా మరి? వంతెన మీద అన్ని హారన్ల మధ్య నిలబడింది అదేగా."

టార్చి గేటు దగ్గరే కాపు కాసింది. అమ్మ లోపలికి అడుగు పెట్టిందో లేదో, బ్యాగు కూడా దించకముందే మొత్తం చెప్పేసింది. అమ్మ నిజంగానే తిట్టింది. గట్టిగానే తిట్టింది. ఆ తర్వాత మెట్ల మీదికి చూసి, మాట ఆపేసింది. పనిముట్ల పెట్టె ఇంకా అక్కడే ఉంది.

అమ్మ వెళ్లి తాతయ్య పక్కన కూర్చుంది.

"నేను కూడా నీ చేతులనే అనుమానించాను నాన్నా," అంది. ఆమె కళ్లు చెమర్చాయి. సొట్ట గరాటు తీసి చేతిలో తిప్పుతూ చాలాసేపు కూర్చుంది.

ఆ సాయంత్రం ఒక ఒప్పందం కుదిరింది. బ్రేకులు, క్లచ్చు, బరువు పనులన్నీ సర్వీస్ సెంటర్‌కి. అక్కడి వాళ్లు పెద్దమ్మను మర్యాదగానే చూశారని అమ్మ చెప్పింది కూడా. ఆయిల్ మాత్రం ఇంట్లోనే. అయితే తాతయ్య నేల మీద పడుకోకూడదు.

మళ్లీ ఆయిల్ మార్చే ఆదివారం వచ్చింది.

చాప మీద టార్చి. పక్కన స్టూలు మీద తాతయ్య, చేతిలో టార్చిలైటు.

"తాతయ్యా, నా ముక్కుకి కాదు, బోల్టుకి!"

"అబ్బో, పెద్ద మేస్త్రీ బయలుదేరింది!" అన్నాడు తాతయ్య.

టప్... టప్... బొట్లు మొదలయ్యాయి. అమ్మ కూడా వచ్చి మెట్టు మీద కూర్చుంది.

"వంతెన మీద పెద్దమ్మ అలిగిన కథ చెప్పనా?" అన్నాడు తాతయ్య.

"వద్దు!" అంది టార్చి కారు కింద నుంచి.

"చెప్పు నాన్నా, చెప్పు," అంది అమ్మ.

తాతయ్య చెప్పాడు. హారన్ల దగ్గర అమ్మ నవ్వింది. సైకిలు దగ్గర టార్చికి కూడా నవ్వాగలేదు. కథ పూర్తయ్యేసరికి ఆఖరి బొట్టు పడింది. అమ్మ చేతులు దులుపుకుని లోపలికి వెళ్లింది.

టార్చి వేళ్లతో బోల్టు తిప్పసాగింది. సరిగ్గా అప్పుడే గేటు బయట ట్రింగ్ ట్రింగ్!

"వస్తావా, రావా?"

"బిగించావా?" అన్నాడు తాతయ్య.

"చేతి బిగువే తాతయ్యా. పానా బిగువు ఇంకా కాలేదు." తర్వాత గేటు వైపు గట్టిగా అరిచింది. "నువ్వెళ్లవే! నా పని సగమే అయింది!"

సైకిలు బెల్లు దూరంగా వెళ్లిపోయింది. టార్చి పానా అందుకుంది. పళ్లు బిగబట్టి లాగింది. బోల్టు కిర్రుమని చివరిసారి కదిలి, ఆగింది.

"ఇప్పుడు బిగించాను." పానాను బయటికి చాపింది. "నువ్వొకసారి చూడు తాతయ్యా."

తాతయ్య పానా అందుకోలేదు. టార్చిలైటు ఆర్పి ఒళ్లో పెట్టుకున్నాడు.

"అమ్మాయ్!" అని లోపలికి కేక వేశాడు. "కొత్త ఆయిల్ డబ్బా తీసుకురా. బోల్టు బిగించడం అయింది."