కదపకూడని సీసాలు

ల్యాబులో జూనియర్లందరూ మునిచంద్రను "అన్నా" అని పిలిచేవారు. ఫార్మసీ చదివి కొత్తగా చేరిన భానుప్రియ మాత్రం ఏమీ పిలవకుండా నేరుగా మాట మొదలుపెట్టేది. ఓపిక పట్టలేక ఒకరోజు మునిచంద్రే అడిగేశాడు.

"నన్ను అన్నా అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"ఇంటికాడ ఇద్దరన్నలు ఉండారు. సాలు," అంది ఆమె తలెత్తకుండా.

తనంటే ఈ పిల్లకు గిట్టదని తేల్చుకున్నాడు. మరి గిట్టనివాడి బల్ల పొద్దున్నే తుడిచి పెట్టడమెందుకు? ఎంత ఆలోచించినా తలనొప్పి తప్ప ఏమీ తేలలేదు.

పరిశోధన చూస్తే అదింకో అయోమయం. వెంట్రుక మందంలో వందో వంతుండే ప్లాస్టిక్ గుండ్లు, వాటి మీద అక్కడక్కడ జిగురు మచ్చలు. చిన్న సీసాలో నీళ్లు పోసి అందులో వదిలేస్తే, అవి తమంతట తామే తిరుగాడి, ఒకదానికొకటి తగిలి అతుక్కోవాలి. పెద్ద గుండుకు రెండు చిన్నవి చేరితే అచ్చం నీటి అణువు ఆకారమే. పుస్తకంలో బొమ్మగా చూసినదాన్ని మైక్రోస్కోపు కింద చూడొచ్చు. మునిచంద్ర గుండ్లు మాత్రం దేనికది ఒంటరిగానే తిరుగుతున్నాయి.

"ఈ నెలాఖరుకు ఒక్క ఫొటో అయినా చూపించు నాయనా. లేకుంటే ఈ పని ఆపేద్దాం," అన్నారు గైడు జ్ఞానాంబ మేడం.

ఆపేస్తే ఏదో ఫ్యాక్టరీ ఉద్యోగానికి పోవాలి. పోవడానికి బాధ లేదు. భానుప్రియ కనబడదన్నదే మింగుడుపడటం లేదు. తనంటే గిట్టని పిల్ల కోసం ఇంత దిగులెందుకో అదీ అర్థం కాలేదు.

అంతలో ఊళ్లో గంగజాతర వచ్చింది. ఇల్లు అమ్మవారి గుడి ఉన్న తాతయ్యగుంట దగ్గరే కావడంతో భానుప్రియ వారం సెలవు పెట్టింది. ల్యాబు బోసిపోయింది. మునిచంద్ర సీసాల వంకైనా చూడలేదు. జాతర చివరి రోజున, ఎలాగూ పారబోసేవే కదా అని ఒక చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టాడు.

పెద్ద గుండు, దానికి రెండు చిన్నవి. పక్కన ఇంకొకటి అలాంటిదే. ఆ పక్కన మరొకటి!

ఫొటో ఫోనులోకి ఎక్కించుకుని పరుగెత్తాడు. ముందు మేడంకు చూపించాలన్న సంగతి సగం దారిలో గుర్తొచ్చింది. అయినా ఆగలేదు.

భానుప్రియ వాళ్లింటి తలుపు తీసినవాడు చీర కట్టి, పూలు పెట్టుకున్న మీసాల మనిషి. జాతర మొక్కుకు ఆడవేషం వేసిన ఆమె నాయన.

"భానూ, నీ కోసరం ఎవరో వచ్చినాడు సూడు!" అని కేకేసి లోపలికి పోయాడు.

ఫొటో చూడగానే భానుప్రియ ముఖం వెలిగింది. అంతలోనే పాలిపోయింది.

"ఈ వారం ఆ సీసాల్ని ఎవరూ కదపలేదా?"

"ఎవరు కదుపుతారు?"

"నేను." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "రోజూ పొద్దున్నే వచ్చి బాగా ఊపి పెడతా ఉండినా. సీసాలో మందు అడుక్కు దిగనీకూడదని ఫార్మసీలో మాకు నేర్పించినారు. నీ గుండ్లు దిగిపోతా ఉంటే నీ కష్టమంతా పాడవుతాదనుకున్నా. అతుక్కున్నవాటిని నేనే ఇడగొట్టినా కదా!"

మునిచంద్రకు కోపం రావాలి. ఎంత వెతికినా దొరకలేదు.

"కదపొద్దని నేనూ ఎవరికీ చెప్పలేదులే. నువ్వైనా నాతో ఒక మాట అనుండొచ్చు కదా?"

"అంటే, ఎందుకు చేస్తా ఉండావని అడుగుతావు."

"ఇప్పుడడుగుతా ఉండా. ఎందుకు?"

భానుప్రియ కొంగు కొస వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది.

"నీ పని ఆగిపోతే నువ్వు ఆడ ఉండవు కదా. నువ్వంటే నాకు ఇష్టం. అంత చదివినావు, ఇది తెలీలేదా?"

"యాడ తెలుస్తాది? నేనంటే నీకు గిట్టదనుకుని ఇన్నాళ్లూ సచ్చినా! మేడంకు కూడా చూపించకుండా ఈడికి వచ్చినా. ఇంకేం చెప్పేది? నాకూ ఇష్టమే."

లోపల గాజులు గలగలమన్నాయి. తర్వాత ఆమె నాయన గొంతు వినబడింది.

"అమ్మా, ఆ అబ్బాయిని కూర్చోబెట్టు. చీర మార్చుకుని పంచె కట్టుకుని వస్తా. అల్లుడితో మొదటి మాట ఈ వేషంలో మాట్లాడేదెట్లా!"