విజయమ్మ కన్ఫర్మ్ టికెట్

మౌలాలిలో భద్రయ్య ఇంట్లో ఏ చీటీ రాయాలన్నా రైల్వే రిజర్వేషన్ ఫారం వెనకాలే రాస్తారు. సికింద్రాబాద్ స్టేషన్ కౌంటర్లో ముప్పై నాలుగేళ్లు కూర్చున్న మనిషి, రిటైరైనప్పుడు ఇంటికి తెచ్చుకున్నది ఒక శాలువా, ఒక గోడ గడియారం, చెత్తలో పోబోయిన పాత ఫారాల కట్టలు రెండు. ఆ మార్చి పొద్దున కూడా విజయమ్మ అలాంటి ఫారం ఒకటి తిరగేసి కందిపప్పు, చింతపండు అని సామాన్ల చీటీ రాసుకుంటోంది. చివర్లో 'చిన్న సబ్బులు రెండు' అని చేర్చింది. ఆ సబ్బులు సింగపూర్‌కి.

"అమ్మా, ఊరంతా కరోనా అని పరేషాన్ అయితుంటే నీకింకా సబ్బులేందే?" అంది కూతురు హిమజ, టీ గ్లాసు పట్టుకుని. వారం నుంచి ఆమె ఆఫీసు ఇంట్లోనే నడుస్తోంది.

"పోతే ఆడ రుద్దుకుంట. పోకపోతే ఈడ రుద్దుకుంట. సబ్బుకేం తక్లీఫ్?"

పైకి అలా అన్నదే కానీ, విజయమ్మ నీలం సూట్‌కేసు సర్ది అప్పటికే పది రోజులైంది. ఆ సూట్‌కేసుకు ఇది ఐదో సర్దుడు. కన్యాకుమారికని ఒకసారి, పూరీకని ఒకసారి, ఇంకెక్కడికో రెండుసార్లు సర్దింది. చేతిలో పాస్ ఉన్నా, సరిగ్గా బయల్దేరే ముందు రద్దీ అని భద్రయ్య సెలవు రద్దయ్యేది. దేశాన్నంతా రైలెక్కించిన మహానుభావుడు, కట్టుకున్న భార్యను మాత్రం కాజీపేట దాటించలేదు. అది చూడలేకే హిమజ తన బోనస్‌తో ఇద్దరికీ సింగపూర్ టికెట్లు కొంది, ఏప్రిల్ పదికి.

టికెట్లతో పాటు ట్రావెల్ ఇన్సూరెన్సూ తీసుకుంది. వైరస్ వార్తలు మొదలయ్యాక ఆ పాలసీ కాగితాలు చదివి, ఇద్దరినీ కూర్చోబెట్టి మరీ చెప్పింది. "జ్వరమొస్తే ఇస్తరట, కాలు విరిగితే ఇస్తరట. రోగమొస్తదేమోనని భయపడి మానుకుంటే ఇయ్యరట. అందుకే మనం క్యాన్సిల్ కొట్టొద్దు. విమానం వాళ్లే బంద్ పెడితే పైసలన్నీ వాపస్ వస్తయి. అందాక గప్‌చుప్ ఉండుర్రి." భద్రయ్య బుద్ధిమంతుడిలా తలూపాడు.

తొమ్మిదింటికి హిమజ గదిలోంచి పరుగెత్తుకొచ్చింది. "విమానాలు బంద్! మన ఫ్లైట్ సుత రద్దు చేసిన్రు!" ఊరంతా మొహాలు వేలాడేసుకున్న రోజున ఎగిరి గంతేసిన పిల్ల బహుశా ఇదొక్కతే. గంతేస్తూనే ఫోన్లో బుకింగ్ తెరిచింది. గంతు ఆగిపోయింది.

"నాన్నా, మన టికెట్లు పన్నెండో తారీఖే క్యాన్సిల్ అయినయట. ప్యాసింజరే చేసుకున్నడట."

భద్రయ్య ఉప్మాలో పల్లీలు ఏరుకుంటూ, "నేనే చేసిన," అన్నాడు.

"నువ్వెట్ల చేసినవ్?"

"విమానం వాళ్లకు ఫోన్ కొట్టిన. పీఎన్ఆర్ అడిగిన్రు. నాకు నోటికొచ్చు గద."

"ఆగుదామని చెప్పిన కదా నాన్నా!"

"ఎంత ముందుగాల క్యాన్సిల్ చేస్తే అంత తక్కువ కోస్తరు బిడ్డా. బతుకంత నేను జేసిందే గది."

"అది రైల్ల! విమానంల మనంతట మనం చేసుకుంటే మొత్తం పోతది!"

భద్రయ్య చెంచా ఆగింది. ఇది ఆయన నిజంగా ఎరగడు. ఆ అమాయకపు మొహం చూసి హిమజకు కోపం, నవ్వు ఒకేసారి వచ్చాయి. విజయమ్మకు మాత్రం నవ్వు రాలేదు. సూట్‌కేసు మంచం మీదికి లాగి ఒక్కో చీర బయట పడేయడం మొదలుపెట్టింది.

"పైసలు పోతే పోనియ్. నన్ను ఒక్క మాట అడిగినవా? నాలుగుసార్లు డ్యూటీ అన్నవ్, సరేనన్న. ఇప్పుడేం డ్యూటీ ఉన్నదయ్యా నీకు? నాతోని పోవుడే నీకిష్టం లేదు, గంతే!"

భద్రయ్య ఉప్మా ప్లేటు పక్కకు జరిపాడు.

ఆశ చావక హిమజ ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. షెకీనా అనే అమ్మాయి పలికింది. "భయంతో మానుకుంటే పాలసీ వర్తించదండి. పన్నెండునే భద్రయ్య గారు మాకు ఫోన్ చేస్తే ఆ మాట చెప్పాం. పైసలు రాకపోతే పోనీ, కారణం మాత్రం రిమార్క్స్‌లో రాసుకో తల్లీ అని పట్టుబట్టారు. చదవమంటారా?"

"వద్దు వద్దు, బంద్ చెయ్!" అంటూ భద్రయ్య లేచాడు. విజయమ్మ ఆయన చెయ్యి పట్టి ఆపింది.

షెకీనా చదివింది. "నా భార్యకు ఆయాసం ఉన్నది. గంతమంది నడుమ ఆమెకు రోగం అంటుకుంటే నేను ఏ కౌంటర్ల పోయి ఆమెను వాపస్ అడగాలె? విమానం వాళ్లు ఆపకపోతే ఆమె ఎక్కి కూసుంటది. వద్దని ఆమె మొఖం చూసి చెప్పుడు నాతోని కాదు. ఆమె తిట్టినా మంచిదే, బతికి ఉండాలె."

చేతిలో చీరతోనే విజయమ్మ మంచం మీద కూలబడింది. కళ్ల నీళ్లు ఆగలేదు. ఫోన్లో షెకీనా మెల్లగా, "అమ్మగారు బాగున్నారా అండీ?" అంది.

"బాగున్న బిడ్డా. నువ్వు సుత మూతికి బట్ట కట్టుకో," అంది విజయమ్మ ముక్కు తుడుచుకుంటూ. ఫోన్ పెట్టేశాక మొగుడి వైపు తిరిగింది. "పక్కనే ఉన్న నాకు చెప్పక ఎవరో పిల్లకు చెప్తవా గీ మాట?"

"ఆడ రిమార్కుల గడి ఉండె," అన్నాడు భద్రయ్య తలొంచుకుని. "ఇంట్ల ఏడున్నది?"

హిమజ ఫక్కున నవ్వింది. విజయమ్మ ఏడుస్తూనే నవ్వింది. లేచి వెళ్లి సామాన్ల చీటీ తెచ్చి, ఫారం వైపుకు తిప్పి ఆయన ముందు పెట్టింది. "ఇగో, ఇండ్ల రాయి."

భద్రయ్య కళ్లజోడు పెట్టుకున్నాడు. పేరు: విజయమ్మ. ఎక్కడి నుంచి: మౌలాలి. ఎక్కడికి: సింగపూర్. సీటు: కిటికీ పక్క. తారీఖు దగ్గర పెన్ను ఆగింది.

"రోగం పోయినంక. గట్లనే రాయి," అంది విజయమ్మ. "కింద నీ పేరు రాయవేంది? నేనొక్కదాన్నే పోవాల్నా?"

రాశాడు, సంతకం పెట్టాడు. పక్కనే తనూ సంతకం పెట్టి విజయమ్మ తేల్చేసింది. "ఇగ నువ్వొక్కనివి ఫోన్ కొడితే ఇది క్యాన్సిల్ గాదు."

రెండేళ్ల తర్వాత ఆ టికెట్ చెల్లింది. విమానం కిటికీకి ముక్కు ఆనించి మబ్బులు చూస్తున్న విజయమ్మ ఉన్నట్టుండి నుదురు కొట్టుకుంది. "అయ్యో! సబ్బులు మరిచిన!"

భద్రయ్య చొక్కా జేబులోంచి మడత పెట్టిన ఫారం తీశాడు. దాని వెనకే చిన్న సబ్బులు రెండు తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"చీటీల రాసినవ్ గద," అన్నాడు.