మూర్తిగారి ఆరు పేజీలు

నరసాపురం రేవులో గోదావరి దాటే పంటు ఎక్కబోతున్న నరసింహమూర్తిని సైలెన్సర్ పిస్టల్‌తో ఒక్క గుండుకే లేపేశారు. ఆయన చేసిన నేరమల్లా, ఆసుపత్రుల కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకోవాలో ఆరు పేజీల్లో రాయడం. అందులో మొదటి నియమం: ఏ నర్సు రికార్డు తెరిచినా స్క్రీన్ మీద మొట్టమొదట కనబడాల్సింది ఆ రోగికి పడని మందు. తన భార్య హైమకు పెన్సిలిన్ పడదన్న సంగతి ఎవరికీ కనబడకే ఆమె పోయింది మరి! ఆ హైమ, సీక్రెట్ ఏజెంట్ హర్షకు అక్క.

"మరకతం ముఠా పని," అన్నాడు హర్షతో చీఫ్. "మూర్తి రాసినదానికి పోటీగా వాళ్ళు పెట్టిన స్పెసిఫికేషన్ తొమ్మిది వందల పేజీలు. మన రికార్డులన్నీ విదేశానికి పంపే బ్యాక్‌డోర్ అందులోనే ఉంది. ఇవాళ భీమవరంలో ఆసుపత్రుల కమిటీ దానిమీద సంతకం పెడుతోంది. ఆపు."

"ఎవరూ చదవలేదా సార్?"

"మీ గోదావరి మొహమాటం తెలీదా? అర్థం కాలేదని ఎవడంటాడు!"

హర్షకు ఒళ్ళు మండిపోయింది. అక్కా పోయింది, బావా పోయాడు. ఇక మిగిలింది ఆ ఆరు పేజీలే.

పెట్టుడు గడ్డం, కళ్ళజోడులో కెమెరా, పెనుగొండ పళ్ళ డాక్టరు వేషం. మీటింగులో పక్క కుర్చీలో పట్టుచీరతో ధగధగలాడుతున్న కన్సల్టెంట్ నాగవల్లి, ముఠాలో మనవాళ్ళు పెట్టిన డబుల్ ఏజెంట్.

"రేవులో ఆటు ఎలా ఉందండి?" కోడ్ అడిగాడు.

"పోటు మొదలైందండి." కోడ్ సరిపోయింది. మరుక్షణం బల్ల కింద పిస్టల్ అతని డొక్కలో గుచ్చుకుంది. "మీ బావగారి ఆచూకీ చెప్పింది నేనేనండి. దయచేసి కదలకండి, కాల్చేస్తాను."

ఛీ, ఎంత మర్యాద!

ఛైర్మన్ సూర్యరాజుగారు పెన్ను తీశారు. "అందరికీ బోధపడినట్టే కదండీ?"

"భేషుగ్గా ఉందండి!" బల్ల చుట్టూ అందరూ తలలూపారు.

పెన్ను కాగితానికి తగిలింది. హర్ష చెయ్యెత్తాడు.

"నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదండి! పెన్సిలిన్ పడని మనిషికి అది పడదని ఎక్కడ కనబడుతుందో చూపించండి."

రాజుగారు పేజీలు తిప్పారు. మళ్ళీ తిప్పారు. "నిజం చెప్పొద్దూ, నాకూ బోధపడలేదండి."

"నాకూనండి!"

"అయ్యో, మీరు చదివారనుకున్నానండి!"

ఈ గోలకు నాగవల్లి చూపు ఒక్క క్షణం చెదిరింది. హర్ష మోచేత్తో ఆమె మణికట్టు మీద కొట్టాడు. పిస్టల్ పేలి, గుండు వెళ్ళి ప్రొజెక్టర్‌ను పగలగొట్టింది. కెమెరాలో అంతా చూస్తున్న పోలీసులు తలుపు తోసుకొచ్చి ఆమెకు బేడీలు వేశారు.

రాజుగారు చెమట తుడుచుకున్నారు. "మూర్తిగారి ఆరు పేజీలే ఖాయం చేద్దామండి."

హర్షకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"కాకపోతే మరీ ఆరంటే పైవాళ్ళ ముందు బావుండదు కదండీ. ఓ ఐదొందలన్నా చేసి పంపుదాం."

"భేషుగ్గా ఉందండి!" మళ్ళీ అందరూ తలలూపారు.

పోలీసులు సాక్ష్యంగా కవర్లో పెట్టిన పిస్టల్ వైపు హర్ష ఒక్కసారి ఆశగా చూశాడు.